పెన్షన్: దయా, పొదుపా, హక్కా?

మన ఇళ్లలో పెద్దవాళ్లు పెన్షన్‌ను ఇప్పటికీ ‘వజీఫా’ అనే అంటారు. హైదరాబాదు ఉర్దూలో ఉద్యోగి పెన్షన్‌కు పూర్తి పేరు ‘వజీఫా-ఎ-హుస్న్-ఎ-ఖిద్మత్’. బాగా సేవ చేసినందుకు ఇచ్చే భృతి అని దాని అర్థం. పేదలకు ఇచ్చే పెన్షన్‌కు తెలంగాణ ప్రభుత్వం 2014లో పెట్టిన పేరు ‘ఆసరా’. ఆంధ్రప్రదేశ్‌లో అదే పెన్షన్ 2019 నుంచి ఐదేళ్లపాటు ‘కానుక’గా ఉండి, ఇప్పుడు ‘భరోసా’ అయింది. పేరు ఏదైతేనేం, నెలకు చేతికి వచ్చే డబ్బే కదా అనిపిస్తుంది. కానీ చేసిన పనికి ప్రతిఫలంగా తీసుకునేవాడు వేరు, కానుకగా తీసుకునేవాడు వేరు. మొదటివాడు రాకపోతే అడుగుతాడు. రెండోవాడు రాకపోతే ఊరుకుంటాడు, లేదా ఎవరినైనా బతిమాలుకుంటాడు.

పెన్షన్ సంస్కరణ అనగానే అది ఉద్యోగ సంఘాల గొడవ అనుకుని మనం పేజీ తిప్పేస్తాం. నిజానికి గత ఇరవై ఏళ్లలో వచ్చిన మార్పులు ప్రభుత్వానికీ పౌరుడికీ మధ్య ఉన్న లెక్కనే మార్చేశాయి. ఒంట్లో ఓపిక తగ్గిన రోజున మనిషి భారం ఎవరిది? ప్రభుత్వానిదా, ఆ మనిషిదేనా, కన్నబిడ్డలదా, మనలాంటి సంఘాలదా? ఈ ప్రశ్నకు జవాబు మారుతూ వస్తోంది. దాతలకు ఆ సంగతి తెలిసి ఉండాలి. మన సంఘం గడప తొక్కే వృద్ధులలో, వితంతువులలో చాలామంది పెన్షన్ రానివారు, లేదా వచ్చింది చాలనివారు. ప్రభుత్వం ఆగిన చోటే మీ రూపాయి మొదలవుతోంది.

పాత పెన్షన్: బాకీ పడిన జీతం

మన దేశంలో పెన్షన్ల చట్టం 1871లోనే వచ్చింది. ఆ చట్టం ప్రకారం పెన్షన్ విషయమై ఎవరైనా సివిల్ కోర్టులో దావా వేయాలంటే ముందు కలెక్టరు లాంటి అధికారి నుంచి అనుమతి పత్రం తెచ్చుకోవాలి. అంటే, సర్కారు ఇస్తే తీసుకోవాలి, ఇవ్వకపోతే నిలదీసే దారి లేదు. రాజుగారి దర్బారు పద్ధతి అది.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ ఆలోచన మారింది. అందులో పెద్ద మలుపు 1982 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఇచ్చిన నకారా తీర్పు. రక్షణ శాఖలో ఆర్థిక సలహాదారుగా చేసి రిటైరైన డి.ఎస్.నకారా ఆ కేసు వేశారు. 1979లో కేంద్రం పెన్షన్ లెక్కను మెరుగుపరిచి, ఆ ఏడాది మార్చి 31న గానీ ఆ తర్వాత గానీ రిటైరైనవారికే దాన్ని వర్తింపజేసింది. ఒకరోజు ముందు రిటైరైనవాడు ఏం పాపం చేశాడన్నది నకారా ప్రశ్న. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తేదీ గీతను కొట్టేసింది. పెన్షన్ యజమాని ఇష్టాయిష్టాల మీద ఆధారపడిన దయ కాదని, ఉద్యోగి తన మంచి వయసులో చేసిన సేవకు రావలసిన సొమ్మని తేల్చింది. పెన్షనర్ల సంఘాలు ఏటా డిసెంబర్ 17ను పెన్షనర్ల దినంగా జరుపుకునేది అందుకే.

ఈ మాట మనకు కొత్త కాదు. జకాత్ ఇచ్చేవాడు తీసుకునేవాడికి ఉపకారం చేయడం లేదని, తన సొత్తులో ఉన్న పేదవాడి వాటాను అతనికి చేరుస్తున్నాడని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం.

పాత పెన్షన్ ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. పూర్తి సర్వీసు చేసిన ఒక ఉపాధ్యాయుడి చివరి మూల వేతనం 60,000 రూపాయలు అనుకోండి. అతనికి నెలకు 30,000 పెన్షన్ వస్తుంది. దాని మీద ధరలతోపాటు పెరిగే కరువు భత్యం ఉంటుంది. అతను కన్నుమూస్తే భార్యకు మూల వేతనంలో 30 శాతం, అంటే 18,000, దాని మీద కరువు భత్యం వస్తాయి. దీనికోసం సర్వీసులో ఉన్నప్పుడు అతని జీతంలోంచి పైసా కోత లేదు.

ఇక్కడ గమనించవలసింది మొత్తం ఒక్కటే కాదు. ముసలితనంలో డబ్బు విషయమై మనిషికి మూడు భయాలుంటాయి. ఎంతకాలం బతుకుతామో తెలియదు. ధరలు ఎంత పెరుగుతాయో తెలియదు. దాచుకున్నది నిలుస్తుందో కరిగిపోతుందో తెలియదు. పాత పద్ధతిలో ఈ మూడు భయాలనూ ప్రభుత్వమే నెత్తిన పెట్టుకుంది. ఉద్యోగి నిశ్చింతగా నిద్రపోయాడు.

2004: మాట పోయి ఖాతా వచ్చింది

కేంద్ర ప్రభుత్వం 2003 డిసెంబర్ 22న ప్రకటన ఇచ్చి, 2004 జనవరి 1 నుంచి చేరే ఉద్యోగులకు జాతీయ పెన్షన్ విధానం, అంటే ఎన్‌పీఎస్, అమలు చేసింది. సైనిక దళాలను మాత్రం మినహాయించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అదే పద్ధతి కాంట్రిబ్యూటరీ పెన్షన్, మనం రోజూ వినే సీపీఎస్, పేరుతో 2004 సెప్టెంబర్ 1 నుంచి వచ్చింది. రాష్ట్రం విడిపోయాక రెండు రాష్ట్రాలకూ అదే వారసత్వమైంది.

ఇందులో ఉద్యోగి జీతం, కరువు భత్యం కలిపి 10 శాతం ప్రతినెలా కోత పడుతుంది. ప్రభుత్వం తన వాటా కలుపుతుంది. మొదట అదీ 10 శాతమే. కేంద్రం తన ఉద్యోగులకు 2019 ఏప్రిల్ నుంచి దాన్ని 14 శాతం చేసింది. ఈ డబ్బు ఉద్యోగి పేరున ఉన్న ఖాతాలో పడి, ఫండు సంస్థల ద్వారా ప్రభుత్వ బాండ్లలో, కంపెనీ బాండ్లలో, షేర్లలో పెట్టుబడిగా మారుతుంది. రిటైరైన రోజున ఎంత పోగైతే అంత. ప్రభుత్వ ఉద్యోగి అందులో 60 శాతం వరకు చేతికి తీసుకోవచ్చు. కనీసం 40 శాతంతో బీమా కంపెనీ దగ్గర యాన్యుటీ కొనాలి. నెలనెలా వచ్చే పెన్షన్ ఆ యాన్యుటీయే.

మళ్లీ లెక్క చూద్దాం. ఖాతాలో 40 లక్షలు పోగయ్యాయనుకోండి. 24 లక్షలు చేతికి వస్తాయి. మిగిలిన 16 లక్షల మీద ఏడాదికి 6 శాతం చొప్పున వచ్చిందనుకుంటే 96,000, అంటే నెలకు 8,000. మామూలు యాన్యుటీలో ఈ 8,000 పదేళ్ల తర్వాతా 8,000గానే ఉంటుంది. కరువు భత్యం లేదు. చేతికి వచ్చిన 24 లక్షలు జాగ్రత్తగా పెట్టుకుంటే కొంత తోడవుతుంది. కానీ అరవై ఏళ్ల వయసులో పెద్ద మొత్తం ఇంటికి వస్తే కూతురి పెళ్లో, కొడుకు వ్యాపారమో, పాత అప్పో ఎదురుచూస్తూ ఉంటాయని వేరే చెప్పాలా?

పాత పద్ధతిలో ప్రభుత్వం మోసిన మూడు భయాల్లో చాలా భాగం ఇక్కడ ఉద్యోగి భుజం మీదికి మారింది. మార్కెట్టు పడితే నష్టం అతనిది. ధరలు పెరిగితే బాధ అతనిది. ఎక్కువకాలం బతికితే యాన్యుటీ ఆగదు గానీ, దాని విలువ ఏటా కరుగుతూ వస్తుంది.

మా స్టాఫ్‌రూమ్‌లో ఈ గీత కళ్లకు కనిపిస్తుంది. నాలాంటి పాత ఉపాధ్యాయులకు ప్రభుత్వం ‘నిన్ను చూసుకుంటాను’ అని మాట ఇచ్చింది. పక్క కుర్చీలో కూర్చుని అదే తరగతికి అదే పాఠం చెప్పే నలభై ఏళ్ల సహోపాధ్యాయుడికి ‘నీ ఖాతాలో నా వాటా వేస్తాను’ అంది. నేను కరువు భత్యం ఎప్పుడొస్తుందని ప్రభుత్వాన్ని అడుగుతాను. అతను ఫండు విలువ ఎంతైందని ఫోన్‌లో చూసుకుంటాడు. తగ్గితే అతను ఎవరిని అడగాలి? బాండ్లనా, షేర్లనా? ప్రభుత్వం ముందు హక్కుదారుగా నిలబడిన మనిషి ఇప్పుడు మదుపుదారుగా మారాడు.

తేదీ గీత ఎంత కఠినమైనదో 2003 డీఎస్సీ ఉపాధ్యాయులను అడిగితే చెబుతారు. ప్రకటన గడువు తేదీకి ముందే వచ్చింది. నియామకాలు ఆలస్యమై చేరిక గడువు దాటాక జరిగింది. దాంతో సీపీఎస్‌లో పడ్డారు. 2003 డిసెంబర్ 22కు ముందే ప్రకటించిన పోస్టుల్లో చేరిన తన ఉద్యోగులకు కేంద్రం 2023 మార్చిలో పాత పెన్షన్ ఎంచుకునే వీలు కల్పించింది. తమకూ అదే న్యాయం కావాలన్నది వీరి మాట.

ఎందుకు మార్చారు?

ప్రభుత్వాల వాదననూ న్యాయంగా వినాలి. పాత పద్ధతిలో ఎక్కడా నిధి లేదు. ఈ ఏడాది పన్నుల్లోంచే ఈ ఏడాది పెన్షన్లు ఇవ్వాలి. మనుషుల ఆయుష్షు పెరిగింది. ముప్ఫై ఏళ్లు పనిచేసి, మరో పాతికేళ్లు పెన్షన్ తీసుకుని, ఆ తర్వాత భార్యకు కుటుంబ పెన్షన్ వచ్చే ఇళ్లు చాలా ఉన్నాయి. జీతాలు, పెన్షన్లు, వడ్డీలు పోగా రోడ్లకు, బడులకు ఏం మిగులుతుందని ఆర్థిక శాఖలు అడిగాయి.

దానికన్నా పదునైన ప్రశ్న మరొకటి ఉంది. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవారు కొద్దిమంది. బీడీలు చుట్టే ఆవిడ, పంక్చర్లు వేసే కుర్రాడు, తోపుడు బండి మీద పండ్లు అమ్మే పెద్దాయన సబ్బు కొన్నా, సెల్‌ఫోను రీచార్జి చేసినా పన్ను కడుతున్నారు. వాళ్లకు లేని భరోసాను వాళ్ల పన్నుతో కొద్దిమందికే ఇవ్వడం న్యాయమా? పాత పెన్షన్ తీసుకోబోయే ఉపాధ్యాయుడిగా ఈ ప్రశ్న నాకు ఇబ్బందిగానే ఉంటుంది. కానీ నాకున్నది తీసేసినంత మాత్రాన బీడీ కార్మికురాలికి ఏదీ రాదు కదా. న్యాయం కావాలంటే ఆమెకూ ఒక హామీ రావాలి. సంస్కరణ అసలు ఈ దారిలో నడిచిందా లేదా అన్నదే చూడవలసిన విషయం.

ప్రపంచంలో ఇందుకు మూడు దారులు కనిపిస్తాయి. జర్మనీ 1889లో కార్మికుడు, యజమాని, ప్రభుత్వం ముగ్గురూ డబ్బు వేసే వృద్ధాప్య బీమా పెట్టింది. బ్రిటన్ 1908 చట్టంతో డెబ్బై ఏళ్లు దాటిన పేదలకు పన్నుల సొమ్ములోంచే వారానికి ఐదు షిల్లింగుల దాకా పోస్టాఫీసులో ఇవ్వసాగింది. చిలీ దేశం 1981లో సైనిక ప్రభుత్వం కింద మూడో దారి తొక్కింది. ఎవరి జీతంలో 10 శాతం వారి సొంత ఖాతాలో వేసుకోవాలి, ప్రైవేటు ఫండ్లు దాన్ని నడుపుతాయి. తన సైన్యానికి మాత్రం పాత పద్ధతే ఉంచుకుంది. ఇరవై ఏడేళ్లు తిరిగేసరికి, చాలామంది ఖాతాల్లో బతకడానికి సరిపడా లేదని తేలి, 2008లో ప్రభుత్వమే మళ్లీ పన్నుల సొమ్ముతో పేద వృద్ధులకు కనీస పెన్షన్ కలపాల్సి వచ్చింది. సొంత ఖాతా ఎంత మంచిదైనా, జీవితమంతా తక్కువ సంపాదించినవాడి ఖాతా తక్కువగానే ఉంటుంది.

మన దేశంలోనూ గాలి కొంత వెనక్కి తిరిగింది. 2022, 2023లలో రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, పంజాబ్, హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వాలు పాత పెన్షన్‌కు తిరిగి వెళ్తామని ప్రకటించాయి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023లో చివరి మూల వేతనంలో సగానికి హామీ ఇచ్చే గ్యారంటీ పెన్షన్ చట్టం చేసింది. కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి యూపీఎస్ తెచ్చింది. 25 ఏళ్లు పనిచేస్తే చివరి పన్నెండు నెలల సగటు మూల వేతనంలో సగం, పదేళ్లు చేస్తే కనీసం 10,000 ఇస్తామంది. ఉద్యోగి మాత్రం తన 10 శాతం కడుతూనే ఉండాలి. అదే 2025లో, రిటైరైన తేదీని బట్టి పెన్షనర్ల మధ్య తేడా చూపే అధికారం తనకుందని కేంద్రం ఆర్థిక చట్టంలో రాసుకుంది. నకారా తీర్పు చెరిపిన గీతను మళ్లీ గీసే వీలు ఉంచుకుందన్నమాట. హామీ ఒకచేత్తో వస్తుంటే, హక్కు మరోచేత్తో సన్నబడుతోందని పెన్షనర్ల సంఘాలు ఆందోళన పడుతున్నది ఇందుకే.

ఉద్యోగం లేనివారి సంగతి

మన సంఘానికి వచ్చేవారిలో పైన చెప్పినవేవీ వర్తించనివారే ఎక్కువ. వాళ్ల పెన్షన్ వేరు.

రాజ్యాంగం 41వ అధికరణ ముసలితనంలో, జబ్బులో, వైకల్యంలో పౌరుడికి సాయపడమని రాజ్యానికి చెప్పింది. అయితే ‘ఆర్థిక స్తోమతను బట్టి’ అన్న షరతుతో, అదీ కోర్టు ద్వారా అమలు చేయించుకోలేని ఆదేశ సూత్రాల్లో చెప్పింది. దేశమంతటికీ ఒక వృద్ధాప్య పెన్షన్ 1995 ఆగస్టు 15న మొదలైంది. అప్పట్లో నెలకు 75 రూపాయలు. 2006లో 200 చేశారు. అరవై నుంచి డెబ్బైతొమ్మిది ఏళ్ల పేద వృద్ధులకు కేంద్రం వాటా ఇప్పటికీ ఆ 200 దగ్గరే ఉంది. ఎనభై దాటితే 500. ఆ మధ్యలో బియ్యం ధర ఎంత పెరిగిందో మన ఇంట్లో ఆడవాళ్లను అడిగితే చాలు.

మన రెండు రాష్ట్రాలు ఈ విషయంలో చాలా ముందున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000, దివ్యాంగులకు 6,000 ఇస్తున్నారు. ఒకటో తారీఖున సచివాలయ సిబ్బంది ఇంటికే తెచ్చి ఇస్తారు. తెలంగాణలో 2019 నుంచి 2,016 రూపాయలు. అక్కడ బీడీ కార్మికులకూ ప్రత్యేకంగా పెన్షన్ ఉంది. కొడుకు వేరుపడిన ఇంట్లో, భర్త పోయిన ఇంట్లో ఈ డబ్బు ఎంత మర్యాద నిలబెట్టిందో నేను చూశాను. మందుల షాపులో అప్పు పెట్టనక్కర్లేని ముసలమ్మకు కోడలి దగ్గర మాట పెరుగుతుంది.

కానీ ఇది ఏ కాగితం మీద నిలబడి ఉంది? రేషన్ బియ్యానికి 2013 ఆహార భద్రత చట్టం ఉంది. వృద్ధాప్య పెన్షన్‌కు అలాంటి చట్టం లేదు. ప్రభుత్వ ఉత్తర్వుల మీద నడుస్తుంది. ఉత్తర్వు మారితే మొత్తం మారుతుంది, పేరు మారుతుంది, అర్హత మారుతుంది. అందుకే ప్రతి ఎన్నికలోనూ పెన్షన్ ఎంత అన్నది వేలంపాటలా పెరుగుతుంది. పెరగడం మంచిదే. కానీ తీసుకునే అవ్వ దృష్టిలో అది ఫలానా నాయకుడు ఇచ్చింది. అతను పోతే ఇదీ పోతుందేమోనన్న భయం ఆమెను వదలదు. 1871 నాటి దర్బారు పద్ధతి ఈ మూల కొంత మిగిలే ఉంది.

ఆగిపోయే కారణాలు చూస్తే బాధ కలుగుతుంది. సాధారణంగా ఒక కుటుంబానికి ఒక్క పెన్షనే. ఆంధ్రప్రదేశ్‌లో ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉన్నా, సొంత కారు ఉన్నా, కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటినా అనర్హత వర్తిస్తుంది. మన పాత మహల్లాల్లో ముగ్గురు అన్నదమ్ములు ఒకే మీటరు కింద కాపురముంటారు. వేసవిలో యూనిట్లు దాటుతాయి. మూడో గదిలో ఉన్న బేవా అక్క పెన్షన్‌కు ముప్పు వస్తుంది. ఆధార్‌లో ‘షేక్’ ముందుంటే రేషన్ కార్డులో చివరుంటుంది. ఒకచోట ‘బీ’, మరోచోట ‘బేగం’. పుట్టిన తేదీ ఎవరో ఉజ్జాయింపుగా రాసింది. భర్త చనిపోయి ఏళ్లయినా మరణ ధ్రువపత్రం తీసుకోలేదు. ఏడాది దాటితే దానికి అధికారి ఉత్తర్వు కావాలి. జీవితమంతా గిన్నెలు తోమి, బీడీలు చుట్టిన వేళ్ల మీద ముద్రలు అరిగిపోయి యంత్రం గుర్తుపట్టదు. వీటిలో ఏ ఒక్కటీ ఆమె తప్పు కాదు. కానీ సరిచేసుకోవలసిన పని ఆమె మీదే పడింది.

నెలకు 76 రూపాయల పెన్షన్

అసంఘటిత రంగంలోని పడుచువారికి ప్రభుత్వం చూపుతున్న దారి కూడా సొంత ఖాతాయే. 2015లో మొదలైన అటల్ పెన్షన్ యోజనలో 18 నుంచి 40 ఏళ్ల మధ్యవారు బ్యాంకులో, పోస్టాఫీసులో చేరవచ్చు. ఆదాయపు పన్ను కట్టేవారికి 2022 అక్టోబర్ నుంచి ప్రవేశం లేదు. అరవై నిండాక నెలకు 1,000 నుంచి 5,000 వరకు, మనం ఎంచుకున్నంత, హామీ ఉంటుంది. ఇరవై ఐదేళ్ల అమ్మాయి 1,000 పెన్షన్‌కు నెలకు 76 రూపాయలు, 5,000కు 376 కట్టాలి. ఆమె తర్వాత భర్తకు అదే పెన్షన్, ఇద్దరి తర్వాత నామినీకి పోగైన మొత్తం అందుతాయి. 2019లో వచ్చిన శ్రమయోగి మాన్‌ధన్‌లో నెలకు 15,000 లోపు సంపాదన గలవారు వయసును బట్టి 55 నుంచి 200 రూపాయలు కడితే, ప్రభుత్వం అంతే కలిపి, అరవై తర్వాత 3,000 ఇస్తుంది.

మంచివే. కానీ వీటి బలహీనత కూడా తెలియాలి. ధరలు ఏటా 6 శాతం పెరిగితే, ముప్ఫై ఏళ్ల తర్వాత వచ్చే 5,000 ఈనాటి 870 రూపాయలతో సమానం. పైగా పని దొరకని నెలలో వాయిదా తప్పుతుంది. ఎవరి సంపాదన నిలకడగా లేదో వాళ్లనే నిలకడగా కట్టమని అడుగుతున్నాం. ఫ్యాక్టరీ కార్మికుల పీఎఫ్ పెన్షన్ చూసినా ఇదే తీరు. అందులో కనీస పెన్షన్ 2014 సెప్టెంబర్‌లో 1,000 అయింది, కరువు భత్యం ఊసే లేదు. ఈ డబ్బు వడ్డీ పత్రాల్లో పెట్టుబడిగా మారుతుంది కదా, చేరవచ్చా అని కొందరు అడుగుతారు. అది ఉలమాలను అడిగి తేల్చుకోవలసిన విషయం. లెక్క వరకే నేను చెప్పగలను.

మొత్తం మీద జరిగింది ఇది. ఉద్యోగికి హక్కుగా ఉన్నది ఖాతా అయింది. పేదవాడికి వచ్చేది పెరిగింది గానీ ఇంకా హక్కు కాలేదు. మధ్యలో ఉన్న కుట్టుపనివారికి, మెకానిక్కులకు, చిన్న దుకాణదారులకు ‘నువ్వే దాచుకో’ అన్న సలహా మిగిలింది.

మనం చేయగలిగింది

దాతలుగా మనం నెలకు 500, 1,000 చొప్పున కొన్ని కుటుంబాలకు సాయం చేస్తున్నాం. అది ఆగకూడదు. ఇప్పటికే వస్తున్నవాటికి తోడుగా మూడు పనులు ఆలోచించమని మనవి.

మొదటిది, కాగితాల పని. ఒక వితంతువుకు మనం నెలకు 1,000 ఇస్తే ఏడాదికి 12,000. ఆమె మరణ ధ్రువపత్రం, పేరు సవరణ, దరఖాస్తు పూర్తి చేయించడానికి ఒక చురుకైన కుర్రాడిని ఆమె వెంట రెండు మూడు రోజులు పంపితే, ఆంధ్రప్రదేశ్‌లో అర్హత గల ఆమెకు ఏడాదికి 48,000 వస్తాయి. పెన్షన్ తీసుకుంటున్న భర్త చనిపోతే భార్యకు ఆ పెన్షన్ మార్చే ఏర్పాటు కూడా అక్కడ ఉంది. తెలియక నెలలు పోగొట్టుకుంటున్నవారున్నారు. మిగిలిన మన 12,000 ఏ దారీ లేని మరొకరికి పనికొస్తాయి.

రెండోది, నలభై లోపు వయసున్న కుట్టుపని, బీడీ పని చేసే ఆడపిల్లలను ఇలాంటి పథకాల్లో చేర్పించి, వాయిదా తప్పే నెలల్లో సంఘం తరఫున కట్టడం. ఖర్చు చాలా తక్కువ.

మూడోది కొంచెం కష్టమైన మాట. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) గురించి చరిత్ర గ్రంథాల్లో ప్రసిద్ధమైన ఒక కథనం ఉంది. వీధిలో భిక్షమెత్తుకుంటున్న ఒక యూదు వృద్ధుడిని ఆయన చూశారు. పన్ను కట్టడానికే అడుక్కుంటున్నాడని తెలిసింది. ఇతని యవ్వనాన్ని వాడుకుని ముసలితనంలో వదిలేస్తే మనం న్యాయం చేసినట్టు కాదని చెప్పి, పన్ను తీసేసి, బైతుల్ మాల్ నుంచి అతనికి, అతనిలాంటివారికి భృతి ఏర్పాటు చేయించారు.

ఆ ప్రశ్న ప్రభుత్వానికి మాత్రమే కాదు. మన మస్జిదు కమిటీలూ యజమానులే. ఇరవై, ముప్ఫై ఏళ్లు అజాన్ ఇచ్చిన ముఅజ్జిన్ గొంతు పోయిన రోజున ఏమవుతాడు? ప్రభుత్వం ఇమాములకు, ముఅజ్జిన్లకు ఇచ్చే గౌరవ వేతనం పనిలో ఉన్నంతకాలమే. అది పెన్షన్ కాదు. మదరసాల్లో చదువు చెప్పేవారు, మనవాళ్లు నడిపే చిన్న ప్రైవేటు బడుల్లోని పంతులమ్మలు కూడా అంతే. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే చోట పీఎఫ్ చట్టం వర్తిస్తుంది. మన సంస్థల్లో ఎన్ని దాన్ని పాటిస్తున్నాయో ఆయా కమిటీలే చూసుకోవాలి. అంతకన్నా చిన్న చోట, ముఅజ్జిన్ పేరున నెలకు 300, 400 పెన్షన్ ఖాతాలో వేయడం ఏ కమిటీకీ భారం కాదు. ఆ వాటాను జీతంలో భాగంగా, తీర్మానం రాసి మరీ ఇవ్వాలి. పండగకు ఇచ్చే కానుకలా ఇస్తే, తర్వాత వచ్చే కమిటీ మానేయవచ్చు.

ఇవి చేస్తూనే, వృద్ధాప్య పెన్షన్‌కు ఆహార భద్రతలా ఒక చట్టం కావాలని, ధరలతోపాటు అది పెరగాలని మన ప్రజాప్రతినిధులను అడగాలి. సన్మాన సభకు పిలిచినప్పుడు శాలువాతోపాటు ఆ వినతిపత్రం కూడా వాళ్ల చేతిలో పెడదాం. రంజాన్ నెలకు ముందు ప్రతి మహల్లాలో ఒక ఆదివారం పెన్షన్ కాగితాల శిబిరం పెట్టగలిగితే, జకాత్ జాబితా రాసేటప్పుడు ఎవరికి ప్రభుత్వం నుంచి రావలసింది ఆగిపోయిందో, ఎవరికి నిజంగా మనం తప్ప దిక్కులేదో మనకు తెలుస్తుంది. ఆధార్ కార్డు చదివి తప్పులు పట్టడం పదో తరగతి పిల్లలకూ వచ్చు. ఉపాధ్యాయులం మేము వాళ్లను తీసుకొస్తాం. కుర్చీలు, జిరాక్సు యంత్రం, ఆ రోజు భోజనం దాతలు చూసుకుంటే చాలు.